అద్దాల తొట్టిలో చెరువు గట్టు

గత వేసవి సెలవులలో మా ఇంట్లో ఒక చార్మినార్ వెలసింది. కట్టినవాడు మా రెండవ కుమారుడు, వాడికి పదకొండేళ్ళు. కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన థర్మకోల్ దిమ్మెలు, మేడమీద మరమ్మతు చేయించగా మిగిలిన సిమెంటు, కిటికీ రెక్కలకు వేయగా డబ్బా అడుగున మిగిలిన పసుపుపచ్చ ఎనామిల్ రంగు — ఇదీ వాడి సామగ్రి. నాలుగు మినార్లూ నిటారుగా నిలిచాయి. కమానులు కూడా బాగానే కుదిరాయి. ఇబ్రహీంపట్నంలో మా వీధి పిల్లలందరూ వచ్చి చూసి వెళ్ళారు. రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, మూడవ రోజు అసర్ నమాజు తరువాత వాడు దానిని చేపల తొట్టిలో దించాడు. తేలిపోకుండా పైన ఒక రాయి పెట్టాడు. రెండడుగుల తొట్టి, అందులో ఏడు చేపలు: మూడు నల్ల మాలీలు, నాలుగు చిన్న టెట్రాలు.

మర్నాడు ఫజ్ర్ వేళకు రెండు టెట్రాలు నీటిపై తేలి ఉన్నాయి. సాయంత్రానికి మిగిలిన రెండూ పోయాయి. మాలీలు మూడూ పైకి వచ్చి, నీటి అంచున నోళ్ళు తెరుచుకొని ఆయాసపడుతున్నాయి. మా వారు చార్మినార్‌ను బయటికి తీసి, మాలీలను వేరే నీటిలోకి మార్చారు. మా వాడు చేతిలోని చిన్న వలను వదలకుండా నిలబడి ఒకే ఒక్క మాట అడిగాడు: "అమ్మీ, నేనే చంపానా?"

కాదని చెబితే అబద్ధమవుతుంది. అవునని చెప్పడానికి నోరు రాలేదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే పసివాడు పెంచుకుంటున్న చిన్న పిట్ట చనిపోయినప్పుడు, దైవప్రవక్త (స) ఆ బాలుణ్ణి పలకరించి, ఆ పిట్ట సంగతి ఆప్యాయంగా అడిగిన వృత్తాంతం మనలో చాలామందికి తెలిసినదే. అంతటి బాధ్యతలు మోస్తున్న వారు ఒక పిల్లవాడి పిట్టను గుర్తుపెట్టుకున్నారు. ఆ రాత్రి మా వాడికి ఆ సంగతే చెప్పాను. తరువాత, "తెలియక చేశావు. ఎందుకు పోయాయో ఇప్పుడు తెలుసుకుందాం" అన్నాను. నిజానికి నాకూ తెలియదు. ఈ నెల శీర్షికలో రాస్తున్నదంతా ఆ తరువాత కొన్ని వారాలపాటు మేమిద్దరం కలసి నేర్చుకున్నది.

మొదట సిమెంటు సంగతి. గోడకు పూసిన సిమెంటు గట్టిపడితే ఇక దానిలో చలనమేమీ లేదనుకుంటాం. నీటిలో మునిగిన కొత్త సిమెంటు అలా ఊరుకోదు. అందులోని సున్నం వారాల తరబడి నీటిలోకి దిగుతూనే ఉంటుంది. నీటి ఆమ్ల క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ అనే కొలమానం ఉంది కదా; అందులో 7 తటస్థం. మనం ఇళ్ళలో పెంచే చేపలలో అధికభాగం 6.5 నుండి 8 వరకు హాయిగా బ్రతుకుతాయి. పచ్చి సిమెంటు గుల్లలలో నిలిచిన నీటి పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఈ కొలమానంలో ఒక్క అంకె పెరిగితే క్షారత పదింతలైనట్లు లెక్క. కాబట్టి అర సంచి అవసరం లేదు, పిడికెడు సిమెంటు చాలు చిన్న తొట్టి స్వభావం మార్చడానికి.

కానీ చేపల్ని చంపింది సున్నం ఒక్కటే కాదు. చేపల విసర్జనలో అమోనియా ఉంటుంది. తటస్థమైన నీటిలో అది దాదాపుగా అమోనియం అనే, అంత హాని చేయని రూపంలో ఉంటుంది. ఇరవై అయిదు డిగ్రీల వెచ్చని నీటిలో పీహెచ్ 7 వద్ద విషరూపమైన అమోనియా నూటికి ఒక పాలైనా ఉండదు. అదే 8 వద్ద నూటికి సుమారు 5 పాళ్ళు. 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. అంటే తొట్టిలో నిన్నటి దాకా నిద్రపోతున్న విషాన్ని సిమెంటు లేపిందన్నమాట. అది మొప్పలను కాలుస్తుంది. చేప నీటి పైభాగానికి వచ్చి నోరు తెరిచేది అందుకే. కఠిన జలానికి, క్షారానికి ఓర్చుకునే జాతి కనుక మాలీలు తట్టుకున్నాయి. మెత్తని నీటి చేపలైన టెట్రాలు తట్టుకోలేకపోయాయి. ఇదంతా వివరించాక మా వాడు చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే ఎనామిల్ రంగు తప్పు లేదా?" అని అడిగాడు. దానిదీ తప్పే. ఎండిన ఎనామిల్ కూడా నీటిలో నానితే పొరలుగా లేస్తుంది. ఆ పొరలను చేపలు మేత అనుకొని కొరుకుతాయి. ఇక థర్మకోల్ గింజ రాలితే దానినీ మింగుతాయి.

సిమెంటుతో చేయనే కూడదా అని కొందరు సోదరీమణులు అడగవచ్చు. చేయవచ్చు, ఓపిక ఉంటే. ఆరిన బొమ్మరాయిని బకెట్టు నీటిలో ముంచి, రెండు రోజులకొకసారి నీరు మారుస్తూ నాలుగైదు వారాలు, ఒక్కొక్కప్పుడు ఆరు వారాలు నానబెట్టాలి. చివరలో తాజా నీటిలో మూడు రోజులుంచి, పక్కన మరో బకెట్టులో ఏ వస్తువూ వేయని అదే నీటిని ఉంచి, రెండింటినీ పీహెచ్ కాగితంతో పరీక్షించాలి. రెండు రంగులూ ఒకటైనప్పుడే అది తొట్టికి పనికివస్తుంది. ఈ జంట బకెట్ల పరీక్ష సిమెంటుకే కాదు, పేరు తెలియని ఏ రాయికైనా వర్తిస్తుంది. "ముందు ఒక చవక చేపను వేసి చూడండి, బ్రతికితే మిగతావి వేయండి" అని సలహా ఇచ్చేవారు ఉన్నారు. ఆ సలహా నాకు రుచించలేదు. పది రూపాయల కాగితం చేసే పనికి ఒక ప్రాణిని వాడుకోవడమేమిటి? పిల్లిని కట్టివేసి, మేత పెట్టక, తిరిగి తిననివ్వక చంపిన స్త్రీకి పట్టిన గతిని గురించి హదీసులో విన్నవాళ్ళం. గాజుపెట్టెలో ఉన్న చేపకు కూడా తిరిగి బ్రతికే దారి లేదు. మనం ఏ నీరిస్తే ఆ నీరే దానికి లోకం.

మిగిలిన మూడు మాలీలను చెరువులో వదిలి వస్తానని మా వాడు పట్టుబట్టాడు. తప్పుకు పరిహారమనుకున్నాడు పాపం. ఇది పెద్దవాళ్ళు కూడా చేసే పొరపాటు. తొట్టి పెట్టుకొని విసిగినవారు చేపలను చెరువులో విడిచి పుణ్యం చేశామనుకుంటారు. అద్దాలకు అంటిన నాచు తింటుందని కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికా నదులది. అది మన చెరువులలో, కాలువలలో చేరి పెరిగి, ముళ్ళతో మత్స్యకారుల వలలు చింపుతోంది. దెయ్యం చేప అని వాళ్ళు దానికి పెట్టిన పేరు ఊరికే రాలేదు. వద్దనుకున్న చేపను దుకాణానికో, తొట్టి ఉన్న మరో ఇంటికో ఇవ్వాలి గాని చెరువుకు కాదు. చేపలను వదలడానికి కాదు గాని, చూడటానికి చెరువుకు వెళదాం పద అని వాణ్ణి తీసుకొని బయలుదేరాను.

మా ఊరి చెరువును గురించి రెండు మాటలు. గోల్కొండను 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీదనే ఊరూ, చెరువూ వెలశాయి. సాగర్ రోడ్డు మీద వచ్చేవారికి దూరం నుండే కట్ట కనబడుతుంది. అలుగు పారిన ఏడాదీ చూశాం, అడుగున పశువులు మేసిన ఏళ్ళూ చూశాం. ఆనాడు నీరు సగానికే ఉంది. నీరు వెనక్కు తగ్గిన చోట ఒడ్డు ఎలా ఉంటుందో చూడమన్నాను మా వాణ్ణి. "నీ తొట్టిలో లేనిది ఇక్కడ ఏముంది?"

వాడు చెప్పిన మొదటి సంగతి నాకు నచ్చింది: "అన్నీ ఒకే రంగు రాళ్ళు, అమ్మీ." నిజమే. మా ప్రాంతమంతా గ్రానైటే. దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న రాయి. ఒకచోట ఒకే జాతి రాయి ఉంటుంది, కానీ పరిమాణాలు మాత్రం వేర్వేరు: ఏనుగంత బండ, దాని పాదాల వద్ద కుండంత రాళ్ళు, వాటి చుట్టూ పిడికెడువి, వాటి మధ్య ఇసుక. పెద్ద బండ ఎక్కడా సరిగ్గా నడిమధ్యన నిలబడి లేదు. ప్రతి బండ అడుగూ మట్టిలో కూరుకొని ఉంది. నేలమీద పెట్టినట్లు కాక, నేలలోంచి పుట్టినట్లు ఉంది. బండల మీది చారలన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి. ఎండిన కొమ్మ ఒకటి రెండు రాళ్ళ నడుమ ఇరుక్కొని, దాని కింద నీడలో చిన్న చిన్న పరకలు గుంపుగా నిలిచి ఉన్నాయి. చేపకు అందం ఏమిటో ఆ నీడలో కనబడింది. మనకు తొట్టి అలంకరణ చూడముచ్చట. చేపకు అది దాక్కునే చోటు. దాక్కునే చోటు లేని చేప భయంతో వెలవెలబోయి మూలన నిలుస్తుంది. చోటు ఉన్నదని నమ్మకం కలిగిన చేప ధైర్యంగా ముందుకు వచ్చి తిరుగుతుంది. అందువలన దాగుడుచోట్లు పెంచితే చేపలు కనబడవన్న భయం అనవసరం.

జపాను దేశస్థుడు తకాషీ అమానో (1954–2015) ఛాయాగ్రాహకుడు. నీటి తొట్టిలో కొండలను, పచ్చికబయళ్ళను తలపించే కూర్పులతో ప్రపంచమంతటా పేరు పొందాడు. రాళ్ళను బేసి సంఖ్యలో, ఒక పెద్దరాయికి మిగిలినవి అణగి ఉన్నట్లుగా, ఒకే వాలులో పేర్చే ఇవాగుమి అనే పద్ధతి ఆయన పేరుతో ముడిపడింది. ఆయన కూర్పుల బొమ్మలు మా వాడికి చూపిస్తే, "ఇది మన చెరువు గట్టే కదా!" అన్నాడు.

గట్టు మీది రాతికట్టు నుండి మాత్రం ఒక్క రాయినీ తేలేదు. అది ఊరి ఆస్తి, చెరువుకు ప్రాణం. చెరువు నుండి మట్టి, నాచు, కొమ్మలు తెచ్చి నేరుగా తొట్టిలో వేయడమూ మంచిది కాదు. పరాన్నజీవులు వెంట వస్తాయి. మా అన్నయ్య కట్టుకుంటున్న ఇంటి పునాది తవ్వినప్పుడు పైకి వచ్చిన గ్రానైటు ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. వానకు తడిసి, అంచులు అరిగిన వాటినే ఏరుకున్నాం. కొత్తగా పగలగొట్టిన కంకర అంచులు కత్తిలా ఉంటాయి, దానిని ముట్టుకోలేదు.

రాయి మంచిదో కాదో తెలుసుకొనే పరీక్ష వంటింట్లోనే ఉంది. ఆరిన రాయి మీద నాలుగైదు చుక్కల వెనిగర్ గాని, చిక్కని నిమ్మరసం గాని వేసి దగ్గరగా చూడాలి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్లు. గ్రానైటు పొంగదు. పొంగేది ఏదో మన ఇళ్ళలో అందరి కాళ్ళ కిందా ఉంది: తాండూరు బండ, షాబాదు బండ. రెండూ సున్నపురాళ్ళే. నేల పరిచాక మిగిలిన ముక్కలను గుహలుగా పేర్చితే అందంగానే ఉంటుంది గాని, అవి నీటి కాఠిన్యాన్ని మెల్లమెల్లగా పెంచుతాయి. మాలీలు, గప్పీలు పెంచేవారికి అది పెద్ద ఇబ్బంది కాదు, వాటికి కఠిన జలమే ఇష్టం. టెట్రాలకు, బెట్టాలకు పనికిరాదు. అసలు మా వైపు బోరు నీరే చాలా చోట్ల కఠినం. దానికి సున్నపురాయి తోడెందుకు? సముద్రపు గవ్వలు, పగడపు ముక్కలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. రాళ్ళను కొత్త బ్రష్షుతో ఉట్టి నీటిలో రుద్ది, పైన మరుగునీరు పోస్తే చాలు. సబ్బు, సర్ఫ్ తగలనివ్వకూడదు. రాళ్ళను పొయ్యి మీద గిన్నెలో వేసి మరిగించడం ప్రమాదం. లోపల చిక్కుకున్న తేమ ఆవిరై రాయి పేలవచ్చు.

కొమ్మ దగ్గర మాకూ మా అత్తగారికీ చిన్న వాదం నడిచింది. "వేపకొమ్మ పెట్టండి, క్రిములు చస్తాయి" అన్నారు ఆవిడ. దాదీ మాటకు మా వాడు వెంటనే గొడ్డలి వెతకబోయాడు. వేపలోని చేదే చేపకు విషం. గన్నేరు, జెముడు, పాలుగారే చెట్ల కొమ్మలు అంతకన్నా ప్రమాదకరం. మా పెరటిలో ఎండిపోయిన జామకొమ్మ ఒకటి ఉంది. మెలికలు తిరిగి, చిన్న కొమ్మలతో, నీటిలో వేరులా కనబడే స్వభావం దానిది. పూర్తిగా ఎండిన కొమ్మనే తీసుకోవాలి, పచ్చిది కుళ్ళుతుంది. బెరడంతా ఒలిచి, పెద్ద పాత గంజులో గంటసేపు ఉడికించి, ఆ నీరు పారబోసి, మళ్ళీ ఉడికించి, తరువాత మూడు వారాలు డ్రమ్ములో నానబెట్టాం. మొదటి నీరు చిక్కని చాయ్ రంగులో వచ్చింది. నానిన కొమ్మ దానంతట అదే మునుగుతుంది. తొట్టిలో పెట్టిన వారం తరువాత దాని మీద తెల్లని జిగురు పొర వస్తుంది. చూసి భయపడనవసరం లేదు, కొద్ది రోజులలో పోతుంది; నత్తలుంటే అవే తినివేస్తాయి.

పండి రాలిన బాదం ఆకులు కూడా ఇలాంటివే. మసీదు ఆవరణలో, బడి ముంగిట ఈ చెట్టు లేని ఊరు తక్కువ. ఎర్రబడి రాలి ఎండిన ఆకును కడిగి వేస్తే నీటికి లేత తేనెరంగు వస్తుంది, పీహెచ్ కాస్త తగ్గుతుంది. బెట్టాలను పెంచేవారు దీనిని ఎన్నాళ్ళుగానో వాడుతున్నారు. నీరు రంగు మారిందని కంగారుపడి కొందరు పారబోస్తారు. అడవి వాగులలో నీరు తరచూ ఆ రంగులోనే ఉంటుంది.

గుహ కోసం కుమ్మరి ఇంటికి వెళ్ళాం. వాటంలో పగిలిన చిన్న కుండ ఒకటి ఉట్టినే ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. రంగు గాని, మెరుగు గాని పూయని, బాగా కాలిన మట్టికుండ చేపలకు నిశ్చింతగా వాడదగినది. సగం ఇసుకలో పూడ్చి, పగిలిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. కొబ్బరి చిప్ప కూడా సరిగ్గా ఈ పనికే. పీచు తీసి, కొబ్బరి ఏ మాత్రం మిగలకుండా గోకి, రంగు దిగడం ఆగేవరకు ఉడికించాలి. రంధ్రాల సంగతి ముఖ్యం. చేప సులువుగా తిరిగి రాగలిగేంత పెద్దదైనా ఉండాలి, తల కూడా దూర్చలేనంత చిన్నదైనా ఉండాలి. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉన్న రంధ్రంలో చేప దూరి ఇరుక్కొని చనిపోతుంది. రెండు వైపులా దారి ఉన్న గుహ మేలు.

గరుకుదనానికి నేను కనిపెట్టిన పరీక్ష ఒకటి చెబుతాను. కొత్తదేమీ కాదు గాని మన ఇళ్ళకు తగినది. పాత పలుచని దుపట్టాను వస్తువు మీద అన్ని వైపులా మెల్లగా లాగండి. ఎక్కడ దారం పట్టుకుంటుందో అక్కడ చేప రెక్క కూడా చిరుగుతుంది. అంగడి ప్లాస్టిక్ పూలు ఈ పరీక్షలో చాలావరకు ఓడిపోతాయి, పైగా వాటి కాడలలో ఇనుప తీగ ఉంటుంది.

మా పాప, అంటే అన్నకు సాయం చేయాలని ఉబలాటపడే మూడవది, లాడ్ బజార్ లక్క గాజులు రెండు తెచ్చి తొట్టిలో వేయబోయింది. లక్క, జిగురు, దాని మీది మెరుపు రాళ్ళు, ఏవీ నీటికి చెప్పినవి కావు. రాగి, ఇత్తడి నాణేలు, పాత బిద్రీ వస్తువులు కూడా అంతే. రాగి నీటిలో కరిగితే నత్తలకూ రొయ్యలకూ ప్రాణాంతకం, చేపలకూ చెరుపు. అతికించవలసి వస్తే తొట్లకని అమ్మే సిలికాన్ ఒక్కటే వాడాలి. స్నానాలగదులకు అమ్మే, బూజు పట్టనివ్వని రకంలో బూజును చంపే మందు కలిసి ఉంటుంది. అతికించాక వెనిగర్ వాసన పూర్తిగా పోయేవరకు ఆరనివ్వాలి.

ఇసుక కొనేటప్పుడు రోబో శాండ్ అంటగట్టకుండా చూసుకోండి. అది గ్రానైటును పిండి చేసినది. విషం కాదు గాని పలుకులు పదునుగా ఉంటాయి. అడుగున మూతి ఆనించి మేసే చేపల మీసాలు దానితో అరిగిపోతాయి. జల్లెడపట్టిన వాగు ఇసుకను, కడిగిన నీరు తేటగా వచ్చేవరకు కడగాలి. మాకు పదిహేను బకెట్లు పట్టింది. ఆ నీరంతా జామచెట్టుకే పోశాం.

కూర్పుకు ఒక శుక్రవారం సాయంత్రం పట్టింది. ముందు ప్లగ్గులన్నీ పీకాం. నీటిలో చెయ్యి పెట్టే ప్రతిసారీ ఇది చేయాలని పిల్లలకు ఇప్పుడే అలవాటు చేయించాను. ఇసుక కన్నా ముందు రాళ్ళు దించాం. ఇసుక మీద నిలబెట్టిన రాయిని అడుగు తవ్వే చేపలు ఒకనాటికి కూల్చుతాయి, అది అద్దం మీద పడుతుంది. అడుగు అద్దం మీద పలుచని ప్లాస్టిక్ పట్టా పరచి, పెద్దరాయిని కుడివైపు మూడో వంతు దగ్గర కాస్త ఎడమకు వాలునట్లు నిలిపాడు మా వాడు. చుట్టూ మధ్యవి, చిన్నవి. ఏ రాయీ అద్దానికి ఆనలేదు. ముందు రెండు వేళ్ళ మందం, వెనుక నాలుగు వేళ్ళకు పైగా ఉండేలా ఇసుకను వాలుగా పోశాం. అందువలన రెండడుగుల తొట్టికి ఎక్కడలేని లోతు వచ్చింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో నిండుగా 56 లీటర్లు పడుతుంది, అంటే నీటి బరువే 56 కిలోలు. దానికి రాళ్ళు, ఇసుక తోడైతే మామూలు టీవీ బల్ల ఓర్వదు. అలంకరణ ఎంత పెరిగితే నీరు అంత తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి. నల్లా నీటిని రోజంతా వెడల్పు పాత్రలో ఉంచి, క్లోరిన్ మందు చుక్కలు కలిపి పోశాం. రెండు వారాలు చేపలు లేకుండానే తొట్టి నడిపించి, ఆ పైన మొదట మాలీలను మాత్రమే తెచ్చి వదిలాం.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం. దుకాణాలలో దొరికే తొట్టి బొమ్మలలో సాగరకన్యలు, విగ్రహాలు, పుర్రెలు ఎక్కువ. మన ఇళ్ళలో చాలామంది వాటిని కోరుకోరు. బదులుగా కొందరు అల్లాహ్ పేరు చెక్కిన పలకను, ఆయతు రాసిన గాజు బిళ్ళను తొట్టిలో ఉంచడం చూశాను. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ నెల తిరిగేసరికి దాని మీద నాచు పడుతుంది, చేపల విసర్జన పేరుకుంటుంది. ఆ పలక గోడ మీద ఉండదగినది. రాయి, కొమ్మ, ఆకు, కుండపెంకు ఉన్న తొట్టికి ఈ చిక్కే రాదు. రంగు పూసి పాతదిలా చేయవలసిన పని కూడా లేదు. మూడు వారాలలో నాచు తానే వచ్చి, నిన్న పెట్టిన రాయిని నూరేళ్ళ రాయిగా మార్చివేస్తుంది. ఓపిక పట్టలేక తళతళలాడేలా రోజూ తోమేవారికి మాత్రం ఆ అందం దక్కదు.

మరి చార్మినార్ ఏమయింది? మా వాడు దానిని పగలగొడతానన్నాడు. నాలుగు ప్రాణాలు తీసిన కట్టడమని దాని వంక చూడటం కూడా మానేశాడు. మేడమెట్ల కింద రెండు నెలలు పడి ఉంది. తొట్టి వెనుక అద్దానికి బయటి నుండి నల్లకాగితం అంటించాలని అనుకుంటుండగా మా వారికి తోచింది. కాగితం మానేసి, తొట్టికి వెనుకగా, గోడకూ అద్దానికీ మధ్య ఉన్న జానెడు ఖాళీలో చార్మినార్‌ను నిలబెట్టారు. ఎనామిలైనా, సిమెంటైనా అక్కడ నీటికి తగలదు. ముందు నుండి చూస్తే గ్రానైటు బండల వెనుక, నీటికి ఆవలి ఒడ్డున, మసకగా నాలుగు మినార్లు.

పోయిన నెల కొత్తగా ఆరు టెట్రాలు తెచ్చాం. రెండు రోజులు కొమ్మ నీడలోనే ఉన్నాయి. మూడవ రోజు ఇషా తరువాత దీపం తీయబోతుంటే మా వాడు కేక వేశాడు: "అమ్మీ, ఒకటి కుండలోకి వెళ్ళింది. రెండో వైపు నుండి వస్తుందో లేదో చూడు!" ఇద్దరం అద్దం ముందు కూర్చున్నాం. చాలాసేపటికి వచ్చింది.